అత్తయ్య ఎంచిన యాక్సిల్

మా అత్తగారు పోయారు. మే నెలలో, మంచు మొత్తం కరిగి ఎడ్మంటన్‌లో అందరూ ట్రైలర్లు బయటికి తీసి కడుక్కునే వారంలో, పొద్దున్నే హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. మా ఆయన ఉత్తరాన ఆయిల్ క్యాంపులో పని చేస్తాడు. ఆయన అక్కణ్ణుంచి బయల్దేరేలోపే మన తెలుగువాళ్ళ గ్రూపులో మెసేజ్ పడింది: "బస్ ఆంటీ ఇక లేరు." సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి కాబట్టి మీలో చాలామందికి ఆవిడ బస్ ఆంటీ. నాకు అత్తయ్య. నాతో పోట్లాడిందీ ఆవిడే, నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందీ ఆవిడే. అందుకే ఈ నాలుగు ముక్కలు ఇంకెవరో రాస్తే నేనొప్పుకోను.

బండి ఎక్కేముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఒక్కో టైరునీ అరచేత్తో తట్టేవారు. మరమరాల డబ్బా పక్కన లేనిదే ఊరు దాటేవారు కాదు. బస్సు దిగే ప్రతి ప్యాసింజరుకీ "జాగ్రత్త" అని తెలుగులోనే చెప్పేవారు. వాళ్ళకేం అర్థమయ్యేదో గానీ, తిరిగి అదే మాట అప్పజెప్పేవారు. అంత్యక్రియల రోజు ఒక ముసలి తెల్లావిడ నా చెయ్యి పట్టుకుని "జాగ్రత్త" అంది. అప్పటిదాకా గట్టిగా నిలబడ్డదాన్ని, అక్కడ బావురుమన్నాను.

రిటైరయ్యాక ఆవిడ ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. దాన్ని పాత పికప్ ట్రక్కుకి తగిలించి వేసవంతా మమ్మల్ని కొండలూ సరస్సులూ తిప్పేవారు. నడిపేది ఎప్పుడూ ఆవిడే. ఘాట్ రోడ్డు రాగానే పక్క సీట్లో నేను కళ్ళు మూసుకునేదాన్ని. ఆ పాత ట్రక్కు మూలపడిన ఏడాదే కంటి డాక్టరు కూడా చెప్పేశాడు. చూపు తగ్గిపోతోంది, ఈ వేసవి దాకా నడపొచ్చు, ఆ తర్వాత లైసెన్సు వదులుకోవాల్సిందే. అంటే కొత్త ట్రక్కు కొంటే దానితో ఆవిడకి మిగిలేది ఒకే ఒక్క వేసవి.

ఆ ఏడు ఏప్రిల్‌లో డీలర్ దగ్గరికి వెళ్ళాం. నల్లటి ట్రక్కొకటి నిగనిగలాడుతూ రెడీగా ఉంది. "అమ్మా, ఇవాళే ఇంటికి తోలుకుపోదాం" అన్నాడు మా ఆయన. అత్తయ్య దాని చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, సేల్స్‌మన్‌ని ఒక్కటే అడిగారు.

"యాక్సిల్ రేషియో ఎంత?"

"త్రీ పాయింట్ త్రీ వన్, మేడమ్. ఫ్యూయల్ కలిసొస్తుంది. పది గేర్ల బండి, ఈ రోజుల్లో ఆ నంబర్ ఎవరూ చూడట్లేదు. మీ ట్రైలర్‌ని ఇది లాగుతుందని బ్రోచర్లోనే ఉంది."

"ఏ ట్రైలర్‌ని? ఖాళీదాన్నా?" అన్నారు అత్తయ్య. "నా ట్రైలర్లో బియ్యం బస్తా ఉంటుంది. రెండు కుక్కర్లుంటాయి. ఆవకాయ జాడీ, ట్యాంకు నిండా నీళ్ళు, వెట్ గ్రైండరూ ఉంటాయి. అన్నీ సర్ది, కాటా మీద తూకం వేయించి మరీ వచ్చాను."

అతను నా వంక చూశాడు. క్యాంపింగ్‌కి రాతి రుబ్బురోలు ఎందుకో అతనికి చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేదు.

నాకూ ఆ నంబరేమిటో తెలియదు. పక్కకి లాక్కెళ్ళి అత్తయ్యే చెప్పారు. "ఇంజిన్ వైపు నుంచి వచ్చే రాడ్డు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో, అదే ఆ నంబరు. నంబర్ పెరిగితే లాగే బలం పెరుగుతుంది, ఫ్యూయల్ కాస్త ఎక్కువ తాగుతుంది. గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని మేడెక్కేవాడు రెండేసి మెట్లు ఎక్కుతాడటే? ఒక్కోటే ఎక్కుతాడు. నాకు త్రీ పాయింట్ సెవెన్ త్రీ కావాలి."

అది కావాలంటే ఫ్యాక్టరీకి ఆర్డర్ పెట్టాలి, సెప్టెంబర్‌కి గానీ రాదన్నాడు సేల్స్‌మన్. మా ఆయన ముఖం మాడిపోయింది. నేను ఊరుకోలేదు. "అత్తయ్యా, మంచులో బస్సు నడిపినవారు మీరు. ఆ కొండలు మీకో లెక్కా? ఈ వేసవి పోతే మళ్ళీ మీకు వస్తుందా? దీన్నే తీసుకుందాం."

"నేను ఎక్కిస్తానే, దానికేం. నువ్వు ఎక్కించగలవా?"

"నేనా?"

"మరెవరే? వాడు నెలలో సగం క్యాంపులోనే ఉంటాడాయె. నా కళ్ళు ఈ ఏడాదితో సరి. ఆ తర్వాత నా మనవరాలిని కొండలు తిప్పేది నువ్వే. ఆ నల్ల బండి ఘాట్‌లో గేర్లు మార్చి మార్చి గోల పెడుతుంది. నాకు అలవాటే. నువ్వు హడలి చస్తావు, మళ్ళీ ట్రైలర్ మొహం చూడవు. బండి నా కోసం కాదమ్మాయ్, నా తర్వాత నడిపేదాని కోసం కొంటున్నా."

ఆ వేసవంతా ట్రైలర్ మా ఇంటి పక్కనే నిలబడి ఉంది. ఆవిడ మధ్యాహ్నాలు దాని మెట్టు మీద కూర్చుని మరమరాలు నములుతూ ఉండేవారు. ఎవరైనా అయ్యో పాపం అంటే, "సెప్టెంబర్లో మా కోడలి బండి వస్తోంది" అనేవారు. బండి వచ్చింది. వీధి చుట్టూ ఒక్క రౌండ్ వేసి, తాళాలు నా చేతిలో పెట్టి, పక్క సీట్లోకి మారిపోయారు. ఇంతిష్టమైన పనిని అంత తేలిగ్గా వదిలేయడం నావల్ల కాదు, ఇప్పటికీ.

మరుసటి జూలైలో జాస్పర్ నుంచి బాన్ఫ్ వైపు కొండదారిలో మొదటిసారి నేను ట్రైలర్ లాగాను. పెద్ద ఎత్తు మొదలవగానే అత్తయ్య తన వైపు అద్దం నాలుగు వేళ్ళంత దించి చెవి ఒగ్గారు. అప్పటికి రోడ్డు ఆవిడకి మసకమసకగానే ఆనేది. నా చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. ఇంజిన్ గట్టిగా, ఒకే తీరుగా లాగుతోంది.

"విన్నావా? గేరు మార్చలేదు. పోనీ."

పోనిచ్చాను. దిగుడు మొదలయ్యేముందు ఇంకో మాట అన్నారు. "దిగేటప్పుడు బండిని ఇంజిన్ పట్టుకోవాలి, నీ కాలు కాదు. చిన్న గేర్లో పెట్టి, బ్రేకుని ఊరికే తొక్కుతూ కూర్చోకు." చెప్పి, డబ్బా మూత పెట్టి, సీటు వెనక్కి వాల్చి నిద్రపోయారు. ఎంత దూరమైనా సరే, ఇంకొకరు నడిపే బండిలో కునుకు తీసే మనిషి కాదావిడ. ఆ దిగుడంతా ఆవిడ గురక వింటూ దిగాను. నా జీవితంలో నాకొచ్చిన పెద్ద సర్టిఫికెట్ అదే.

మొన్న జూన్‌లో అమ్మాయీ నేనూ మళ్ళీ ఆ దారిలోనే వెళ్ళాం. మా ఆయన క్యాంపులో ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే బండి చుట్టూ తిరిగి టైర్లు తట్టాను. గ్రైండర్ సహా అంతా ఎక్కించాను. భయం లేదు, నిజంగానే లేదు. ఆ ఎత్తు రాగానే మాత్రం నా చెయ్యి బటన్ మీదికి వెళ్ళి, ఖాళీ సీటు వైపు అద్దం నాలుగు వేళ్ళంత దించింది.

"వై ఈజ్ ద విండో ఓపెన్, అమ్మా? ఇట్స్ ఫ్రీజింగ్!" అంది అమ్మాయి వెనక సీట్లోంచి.

"కాసేపు ఉండనీవే" అన్నాను. చల్లగాలితో పాటు ఆ సందులోంచి ఇంజిన్ చప్పుడు లోపలికి వస్తూనే ఉంది, కొండ పైదాకా ఒకే తీరుగా.