‘మా’ అంటే ఎవరెవరని అడిగిన చిన్నమ్మ

చిట్యాల చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కనున్న నూడుల్స్ బండి అతను వేడి మూకుడులో వెల్లుల్లి వేసి, దాని మీద సిర్కా, అదే వెనిగర్, గుమ్మరించాడు. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నెనిత చిన్నమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. మా ఊళ్లో కూరలో సిర్కా పోసేది ఆమె ఒక్కతే.

నెనిత మా పక్కింటి నర్సింహ చిన్నాయన భార్య. ఆమెది ఫిలిప్పీన్స్ దేశంలో ఉత్తరాన ఒక పల్లె, ఆమె భాష ఇలొకానో. దుబాయిలో ఒకే హోటల్లో పనిచేస్తూ ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటేడు, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఊరికి వచ్చి, ఆయన వాటా జాగాలో రెండు గదులు వేసుకున్నారు. గొర్లు కాసే ఇంటికి కోడలై వచ్చిన చిన్నమ్మ నా బడి పుస్తకాలతోనే తెలుగు నేర్చుకుంది.

మొదటి పోరు ఒక చిన్న మాట మీద. ఆమె అత్త లచ్చమ్మ వాకిట్లో ఎవరితోనో ఆమె గురించి “అది ఇంట్లనే ఉన్నది” అంది. చిన్నమ్మ నన్ను పిలిచి, కట్టేసిన మేకను చూపించింది.

“దీన్నేమంటరు?”

“అది అంటం.”

“మీ చిన్నాయనను?”

“ఆయన.”

“మరి నన్ను?”

నేను మేక తాడు సవరించాను. “మా భాషల మొగోళ్లకు, ఆడోళ్లకు ఒక్కటే మాట, ఇసు. గీడ నేను మేకనా?” అంది. నవ్వలేదు. ఆ పూట నుంచి ‘అది’ అంటే పలకడం మానేసింది. లచ్చమ్మ నాలుగు రోజులు అరిచింది, తిట్టింది. ఐదో నాడు నన్ను పిలిచి, “పోయి ఆమెను పిలువు బిడ్డా, బువ్వ సల్లారుతాంది” అని గొణిగింది. చిన్నమ్మ వెంటనే వచ్చి పీట మీద కూర్చుంది.

మేము వేరు, మనం వేరు అని నేను చెప్పబోతే, ఆ తేడా తనకు పుట్టుకతోనే తెలుసంది. వాళ్ల భాషలో బలాయ్ అంటే ఇల్లు. బలాయ్‌మి అంటే మా ఇల్లు, వింటున్నవాళ్లకు అందులో చోటు లేదు. బలాయ్‌తాయో అంటే మన ఇల్లు. “ఇంకొకటున్నది, బలాయ్‌త. మనిద్దరి ఇల్లు. మీ తెలుగుల గా మాట లేదు” అంది గొప్పగా.

నేను ఇంటర్‌లో ఉండగా చిన్నాయన హైవే మీద లారీ గుద్ది పోయాడు. దినాలు కాగానే ఆయన అన్న మల్లేశం పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

“పిల్లా జెల్లా లేకపాయె. మీ దేశం పో, టికెట్ మేమే తీసిస్తం. గిది మా జాగ.”

చిన్నమ్మ గడపలో నిలబడింది. “మా అంటే ఎవరెవరు బావా? పేర్లు చెప్పు.”

అతను తన పేరు, తల్లి పేరు, కొడుకుల పేర్లు చెప్పాడు.

“నేను?”

మల్లేశం పెద్దమనుషుల దిక్కు చూశాడు.

“గీ గోడలకు ఇటుకలు మోసింది నేను. నా మొగడు పోయిండు, నేను పోలే. మన ఇల్లు అంటే లోపటికొచ్చి కూసో, చాయ్ పెడత. మా ఇల్లు అంటే గడప తొక్కకు.”

వాళ్లు చాయ్ తాగకుండానే పోయారు. మర్నాడు బోరు బంద్ చేశారు. చిన్నమ్మ మా ఇంటి నుంచి నీళ్లు మోసుకుంది తప్ప కదల్లేదు. ఆమె దరఖాస్తులన్నీ నేనే రాశాను. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, రెండేళ్లకు ఇల్లు ఆమె పేరు మీదికి వచ్చింది. లచ్చమ్మ ముసలితనంలో ఆ ఇంట్లోనే తిన్నది. పోయినేడు చిన్నమ్మ కూడా అక్కడే కన్నుమూసింది.

మొన్న ఆదివారం మా అన్నలిద్దరూ ఒక కాగితం తెచ్చారు. బాపు పొలంలో నాకేమీ వద్దని అందులో రాసి ఉంది.

“మా పొలం సంగతి జల్ది తెంపుకోవాలె చెల్లె, సంతకం పెట్టు” అన్నాడు పెద్దన్న.

అన్నలంటే నాకు ప్రాణం. అయినా, “మా అంటే ఎవరెవరన్నా?” అని అడిగాను. రెండు పేర్లు చెప్పి ఆగాడు. మూడోది నేనే చెప్పి, కాగితం తిరిగి ఇచ్చేశాను.