అత్తయ్యగారి వంటింటి పరీక్ష

పెళ్లయి నూజివీడు వచ్చిన మొదటి వేసవిలోనే నా పొట్ట నాకు ఎదురు తిరిగింది. ఎనభైల నాటి మాట. టిఫిను తిన్న కాసేపటికే కడుపు ఉబ్బేది, వికారం, మోచేతుల మీద దురద. కొత్త కోడలికి వికారమంటే ఇంకేముంది? అత్తయ్యగారి ముఖం వెలిగిపోయింది. అటక మీది చింతకాయ పచ్చడి జాడీ దిగి వచ్చి నా కంచం పక్కన కూర్చుంది. పక్కింటి టీచరుగారైతే మగపిల్లాడేనని తేల్చేశారు. ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొచ్చి “అదేం కాదటండీ” అన్న రోజున అత్తయ్యగారు నిట్టూర్చి, జాడీ మళ్లీ అటకెక్కించారు.

“మరైతే మామిడే. ఉత్త వేడి! ఉంగుటూరులో వరి చేలు చూసి పెరిగిన పిల్లవి, ఇక్కడికొచ్చి పూట పూటకీ రసాలేనాయె. మానెయ్, అదే తగ్గుతుంది,” అన్నారు.

మావారు ఒప్పుకోలేదు. “విజయవాడ వెళ్లి రక్తం ఇద్దాం. ఏది పడదో మిషనే చెప్పేస్తుంది,” అన్నారు.

ఈ రగడ తెగక ఊళ్లో పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన నా చేతులు చూసి, పొట్ట నొక్కి చూసి నవ్వారు. “అన్నిటికీ రక్తమే సాక్ష్యం చెప్పదమ్మా. ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. కొన్నాళ్లు అన్నం, పెసరకట్టు, మజ్జిగ. అంతే. ఒళ్లు కుదుటపడ్డాక ఒక్కొక్కటే కలుపుకుంటూ రండి. ఏది తింటే మళ్లీ మొదలవుతుందో అదే దొంగ.”

ఎంచుకోవలసింది నేనే. సూదంటే భయం. మామిడి మానాలంటే ఇంకా భయం. అందుకని పెసరకట్టుకే ఓటేశాను. ఆ పత్యంలో మామిడి కూడా ఉండదన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు!

ముసునూరు వైపు తోట నుంచి వచ్చిన కాయలు మంచం కింద వరిగడ్డిలో మగ్గుతున్నాయి. ఆ వాసనలో కూర్చుని పెసరకట్టు కలుపుకు తినడం ఎంత తపస్సో నాకే తెలుసు. మావారు పెరట్లోకి వెళ్లి, నాకు కనబడకుండా రసం పిండుకునేవారు. జుర్రుకునే చప్పుడు మాత్రం వంటింటి దాకా వినబడేది.

దురద పోయింది, ఉబ్బరం పోయింది. మొదట కలుపుకోవాల్సింది ఏమిటన్న ప్రశ్నే రాలేదు. చిన్న రసాలు తిన్నాను. ఏమీ కాలేదు! తర్వాత కందిపప్పు, శనగపిండి, వంకాయ, అన్నీ నిర్దోషులుగా బయటపడ్డాయి. ఆ ఆనందంలో అత్తయ్యగారు ఉప్మా చేశారు. బొంబాయి రవ్వ, జీడిపప్పు, మీద ఇంత నెయ్యి. ఆవిడ ఉప్మాకి మా వీధిలో పెద్ద పేరు. మధ్యాహ్నానికల్లా నేను మంచం మీద ఉన్నాను.

“నా ఉప్మా తిని ఇంతవరకూ ఎవరూ మంచమెక్కలేదు,” అన్నారావిడ.

“ఇంగువ ఎక్కువైందేమోలే అమ్మా,” అని మావారు సర్దబోయారు. కొన్నాళ్లాగి చపాతీ తింటే మళ్లీ అదే వరస. గోధుమే దొంగని నాకర్థమైంది. అత్తయ్యగారికి మాత్రం వేరేలా అర్థమైంది. “నా చేతి వంట నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు. పొట్ట మీద పెట్టడం దేనికి?” అని వంటింట్లో గిన్నెలతో అన్నారు. గిన్నెలు కూడా గట్టిగానే బదులిచ్చాయి. నేను దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను.

తర్వాత కొన్ని రోజులకి ఆనపకాయ మజ్జిగ పులుసు చేశారు. చిక్కగా, బ్రహ్మాండంగా ఉంది. మారు వడ్డించుకున్నాను. సాయంత్రానికి కడుపు డోలు, చేతులు మంట. “అత్తయ్యగారూ, ఇవాళ గోధుమ ముట్టలేదు కదండీ! మరిదేంటి?” అని బిక్కమొహం వేశాను.

ఆవిడ నా మంచం చివర కూర్చుని విసనకర్ర అందుకున్నారు. కాసేపు నాకేసి చూడకుండా విసిరారు. “పులుసులో శనగపిండి బదులు గోధుమపిండి కలిపానే అమ్మాయ్.”

“అయ్యో! ఎందుకండీ?”

“నువ్వు నిజం చెబుతున్నావో లేదో చూద్దామని.”

కోపం రావాల్సిందే. కానీ ఆవిడ ముఖం చూస్తే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వుతూ, “పాసయ్యానా అండీ?” అన్నాను.

“ఫస్టు క్లాసులో,” అన్నారు. కొంగుతో కళ్లొత్తుకుని, నిమ్మకాయ నీళ్లు కలపడానికి లేచారు.

మర్నాడు ఇంట్లో ఉన్న బొంబాయి రవ్వంతా పక్కింటి టీచరుగారికి ఇచ్చేశారు. తిరగలిలో బియ్యం రవ్వ విసిరి, పెసరపప్పు, కొబ్బరి వేసి ఉప్పిడిపిండి చేశారు. ఉప్మాని మించిపోయింది. చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరు గోధుమలోని ఆ దొంగకి గ్లూటెన్ అని పేరు చెప్పాడు గానీ, మా ఇంట్లో అప్పటికే దాని పని అయిపోయింది.

ఆ మాఘంలో విస్సన్నపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. బంతిలో వడ్డించే ఆయన నా ఆకులో పూరీ వెయ్యబోతే, అత్తయ్యగారు పక్క నుంచి చెయ్యి అడ్డం పెట్టారు. “ఆ అమ్మాయికి పడదు బాబూ, ఇటు వెయ్యి,” అని ఆ పూరీ తన ఆకులో వేయించుకున్నారు. తన ఆకులోంచి జీడిపప్పులు ఎక్కువ పడ్డ పులిహోర తీసి నా ఆకులోకి జరిపారు.

“తిను. అడిగే వచ్చాను, ఉత్త బియ్యమే,” అన్నారు.