గంట కొట్టని బడి

మా ఆవిడ స్టెల్లా బాపట్లలో ప్రైవేటు స్కూలు టీచరుగా చేసేది. తన జీతమంతా మా పాప కెజియా ఫీజుకీ, బస్సుకీ సరిపోతోందని ఉద్యోగం మానేసి, పాపకి ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. "పాఠం చెప్పేటప్పుడు నేను అమ్మని కాదు, టీచర్ని. అండీ అనాలి" అని మొదటిరోజే రూలు పెట్టింది. పప్పు పొంగుతుంటే లెక్కలు, బట్టలు ఉతుకుతుంటే ఎక్కాలు. నేను అలసిపోయి వచ్చి టీ అడిగితే, "క్లాసు అవుతోంది, కనబడట్లేదా?" అని కసురుతుంది. ఈ బడికి గంట కొట్టేవాడే లేడు. ఫీజు మిగిలింది గానీ, ఇంట్లో ఎవరికీ ఓపిక మిగల్లేదు.

నిన్న పాపకి జ్వరమొచ్చింది. స్టెల్లా ఒళ్లో పడుకోబెట్టుకుని, "ఏం కావాలి తల్లీ?" అంది.

పాప కళ్లు తెరవకుండానే, "ఇంటికెళ్తానండీ" అంది.