తడిసిన రెండు గజాలు

పద్నాలుగేళ్లుగా ఒక అంకెను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు. ఉమ్మలేదు. దాని మీదనే అన్నం తిన్నాను, దాని మీదనే నిద్రపోయాను.

నువ్వెవరో నాకు తెలియదు. చదివే మనిషివి, అంతే. నాకు చదువు రాదు. సంతకం చేస్తాను, బస్సు మీది ఊరి పేర్లు కూడబలుక్కుంటాను. కళ్యాణదుర్గంలో నా గదికి ఎదురుగా ఉండే టైలరమ్మ, నేను చెబుతుంటే రాస్తోంది. ఆమె కుట్టే జాకెట్లకు హుక్కులు వేసి బతుకుతున్నాను నేను. మాట సరిచేసుకోమన్నాను. తప్పును మాత్రం తగ్గించి రాయొద్దన్నాను.

వచ్చే వారం నా తోడికోడలు సుంకమ్మ వస్తుంది, నన్ను బెంగళూరుకు తీసుకుపోవడానికి. నా మోకాళ్లు పోయాయి, ఇక నేను ఆమె ఇంట్లోనే ఉండాలట. ఆమె వచ్చేలోపు ఇది నోట్లోంచి బయటపడాలి. ఎందుకో చెబుతాను.

మొన్న టైలరమ్మ ఇంట్లో టీవీ నడుస్తోంది. సముద్రం అడుగున, వెలుతురు కూడా చేరనంత లోతున, ఆలుగడ్డల్లాంటి నల్లరాళ్లు పడి ఉంటాయట. వాటిలో లోహాలు ఉంటాయట. ఆ అడుగు ఏ ఒక్క దేశానిదీ కాదట, అందరిదీనట. అందుకని దేశాలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయట. ఎవరు తవ్వొచ్చు, ఎవరు ఆగాలి, ఆ సంఘమే చెప్పాలట. దానికొక పెద్ద, ఆ పెద్దకొక కుర్చీ. టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి, అంత లోతున ఏముందో మనకేం తెలుస్తుంది, కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పిందే నమ్మాలి కదా, అంది. నా చేతిలోని హుక్కుల డబ్బా జారి కింద పడింది.

అలాంటి కుర్చీలో నేనూ కూర్చున్నాను. సముద్రం కాదు. కంబదూరు పక్కన మూడు ఊళ్లు. ఆ ఊళ్ల కింది నీళ్లు.

అప్పట్లో మా దగ్గర ఒకరు బోరు వేస్తే పక్క చేనువాడు ఇంకా లోతుకు వేసేవాడు. వీడి నీళ్లు వాడికి పోయేవి. కొట్టుకున్నారు, తలలు పగిలాయి. అనంతపురం నుంచి ఎవరో వచ్చి మూడు ఊళ్లనూ ఒకచోట కూర్చోబెట్టారు. కింద ఉన్న నీళ్లు అందరివీ, సంఘం ఒప్పుకోనిదే కొత్త బోరు వేయకూడదు అని రాసుకున్నారు. మరి సంఘానికి పెద్దగా ఎవరు? బోరున్న ప్రతి మగవాడికీ ఒక పగవాడు ఉన్నాడు. చివరికి ఒక ముసలాయన నన్ను చూపించాడు. “ఆయమ్మకు బోరు లేదు, మొగుడు లేడు. ఇంక ఎవరి పక్క మొగ్గుతాదప్పా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏమీ లేనిదానికి కోపం కూడా ఉండదనుకున్నారు వాళ్లు.

కొలత ఇట్లా ఉండేది. మోటరు తీసేసిన పాత బోరు ఒకటి మాకు కొలత బోరు. నైలాను తాడుకు గజానికొక ముడి. చివర బోర్లించి కట్టిన ఇనుప గ్లాసు. అరవయ్యో ముడికి ఎర్రగుడ్డ. నెలకొకసారి అందరి ముందూ గ్లాసును కిందికి వదులుతాం. ఎర్రగుడ్డ లోపలికి పోకముందే గ్లాసు నీళ్లకు తగిలితే, ఆ నెల అడిగినవాళ్లు బోరు వేసుకోవచ్చు. గుడ్డ లోపలికి పోయిందా, లేదు. చదువు రానివాళ్లకూ కనబడే లెక్క. అందుకే అందరూ నమ్మారు.

అయితే గ్లాసు నీళ్లకు తగిలేది ఎవరికీ కనబడదు. అంత లోతు నుంచి చప్పుడు ఒకసారి పైకి వస్తుంది, ఒకసారి రాదు. తాడు పట్టుకున్న చేతికి మాత్రం తెలుస్తుంది. ఎవరో కింద అరచెయ్యి పెట్టి గ్లాసును అందుకున్నట్టు, బరువు తగ్గుతుంది.

ఆ తాడు నా చేతిలో ఉండేది.

సుంకమ్మ నా తోడికోడలు అన్నాను కదా. నా మొగుడి తమ్ముడు ఓబులేసు పెళ్లాం. నా మొగుడు కామెర్లతో పోయిన ఏడో నెలలో వాళ్ల చేలో బోరు వేయించారు. బోరు బండి వచ్చిన పొద్దున సుంకమ్మ మా ఇంటికి వచ్చింది. నీళ్లు పడేదాకా ఆ పక్కకు రావద్దని, తప్పుగా అనుకోవద్దని, ఎంతో మెల్లగా చెప్పింది. తిట్టి ఉంటే తిట్టేదాన్ని. ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. బండి మోత గోడల్లోంచి వచ్చింది. మధ్యాహ్నం దాటాక కేకలు వినబడ్డాయి. నీళ్లు పడ్డాయి. సాయంత్రం ఆమె కొత్త నీళ్లు బిందెతో తెచ్చి నా గడప ముందు పెట్టింది. గడప లోపల కాదు, ముందు.

ముండమోసింది రాలేదు కాబట్టే నీళ్లు పడ్డాయని ఊళ్లో అన్నారు. అదే గట్టు పక్కన నా మొగుడు మూడు చోట్ల బోరు వేయించాడు. మూడు చోట్లా తెల్లదుమ్మే వచ్చింది. అప్పుడు నా నుదుటిన బొట్టు ఉంది కదా, కొబ్బరికాయ కొట్టిందీ నేనే కదా? ఆ మాట ఎవరి ముఖం మీదైనా అనేసి ఉంటే అంతటితో పోయేదేమో. అనలేదు. దాచుకున్నాను. దాచుకున్నది లోపలే పులిసింది.

నేను సంఘం పెద్దనయ్యాక నాలుగో ఎండాకాలం. సుంకమ్మ వాళ్ల బోరు ఎండిపోయింది. ఎనభై చీనీ చెట్లు, బత్తాయి అంటారే అవి, బిడ్డల్ని సాకినట్టు సాకింది వాటిని. సరిగ్గా అప్పుడే కాపుకు వచ్చాయి. పక్కనే కొత్త బోరు వేసుకుంటామని సంఘాన్ని అడిగారు. ఆ నెల అడిగింది వాళ్లొక్కరే.

కొలత రోజు జనమంతా చుట్టూ కూర్చున్నారు. నేను తాడు వదిలాను. ముడులు లెక్కబెడుతున్నాను. యాభై ఎనిమిదో ముడి నా వేళ్ల మధ్య ఉండగా గ్లాసు తేలికైంది.

యాభై ఎనిమిది. ఇదిగో, చెప్పేశాను.

నా చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదు? ముందు రోజే అనుకున్నానా? లేదు. ఆ పొద్దున అనుకున్నానా? లేదు. ఆ ఒక్క క్షణంలో అనుకున్నాను, అయినా ఆ క్షణం కోసం ఏళ్ల తరబడి కాచుకుని కూర్చున్నట్టే అనిపించింది. తాడు ఇంకా వదిలాను. యాభై తొమ్మిది. అరవై. ఎర్రగుడ్డ బోరు నోట్లోకి పోయింది. అందరూ చూశారు.

సుంకమ్మ నా పక్కన గొంతుకూర్చుంది.

“అక్కా, తగల్లేదా?”

“లేదు.”

“నాకు చప్పుడు ఇనబడినట్టుండాది.”

“నీకు ఇనబడతాది లే. నీళ్లు నీతో మాట్లాడతాయి. నన్ను చూస్తే పారిపోతాయి కదా సుంకమ్మా.”

“ఆ మాట ఇంకా మనసులో పెట్టుకున్నావా అక్కా?”

“నా మనసుతో నీకేం పని? గుడ్డ చూడు. యాడుండాది గుడ్డ? నువ్వే చూస్తాండావు కదా.”

“చెట్లు సచ్చిపోతాయక్కా.”

“మొగుడే సచ్చినాడు నాకు. చెట్లొక లెక్కా?”

తాడు పైకి లాగాలి. చివరి రెండు గజాలు తడిసి ఉంటాయని అప్పుడు గుర్తుకొచ్చింది. తగల్లేదన్నాను కదా, తాడూ గ్లాసూ పొడిగా రావాలి. కొంగు చేతికి చుట్టుకున్నాను, తాడు కోసుకుంటోందన్నట్టు. చివరి రెండు గజాలూ ఆ కొంగులోంచే లాగాను, గ్లాసునూ దాంతోనే తుడిచేశాను. తడిసిన కొంగును పిడికిట్లో పెట్టుకుని, అనుమతి లేదని చెప్పాను. నా మొగుడు పోయాక నా చేతికి అంత చల్లగా ఏదీ తగల్లేదు. సంతోషమైంది. అబద్ధం చెప్పను, సంతోషమైంది.

సుంకమ్మ ఊరి కొళాయి దగ్గర వంతు కాచుకుని, నెత్తిన బిందె పెట్టుకుని, చెట్టుకొక చెంబు పోసేది. ఎనభై చెట్లు. నేను గట్టు మీద నిలబడి చూసేదాన్ని. ఆకు ముడుచుకుంది, రాలింది. కాయలు నిమ్మకాయంత అయ్యి అట్లాగే ఎండిపోయాయి. ఒకరోజు ఆమె ఇరవై చెట్లకు పోయడం మానేసింది, మిగతావైనా బతుకుతాయని. ఏ ఇరవై చావాలో తానే ఏరుకుంది. ఆ రోజైనా నోరు తెరవాల్సింది. తర్వాతి నెల కొలత పెట్టేసరికి నీళ్లు నిజంగానే అరవై దాటాయి. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఎంత తేలికగా అనుకున్నాను చూడు.

బోరు వేసి ఉంటే నీళ్లు పడేవా? పడకపోయేవేమో. నా మొగుడికి పడ్డాయా? ఈ సాకును తిప్పి తిప్పి అరగదీశాను. బోరులో దుమ్ము వచ్చి ఉంటే అది ఆమె అదృష్టం. నేను ఆమెకు ఆ దుమ్మును కూడా దక్కనీయలేదు.

చెట్లు కొట్టించి కట్టెలకు అమ్మారు. ఒక బండి నేనే వేయించుకున్నాను. ఆ కట్టెలతో ఏడాది వంట చేసుకున్నాను.

ఇంకా ఉంది. అనంతపురంలో పెద్ద మీటింగు పెట్టి నన్ను పిలిచారు. సంఘం ఎట్లా నడుపుతున్నావో చెప్పమన్నారు. మైకు ముందు నిలబడి, నా సొంత తోడికోడలికే లేదన్నాను, నియమం అంటే నియమం, అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. తర్వాత ఎక్కడికి పిలిచినా అదే కథ చెప్పాను. చెప్పి చెప్పి, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి కళ్లు తుడుచుకోవాలో నేర్చుకున్నాను. మూడు ఊళ్లలో నా అంత నిజాయితీ గల మనిషి లేదన్నారు. నిజమే అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అసలు తప్పు ఇప్పటికీ చెప్పలేదు నీకు.

ఓబులేసూ సుంకమ్మా బెంగళూరుకు కూలికి పోయే పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. ఈసారి ఆమె గడప బయట నిలబడింది, లోపలికి రావచ్చా అని అడిగింది. వచ్చి నా కాళ్ల మీద పడింది. ఆ రోజు బోరు దగ్గరికి నన్ను రానీయలేదు కదా, అందుకే గంగమ్మకు కోపం వచ్చి బోరు ఎండగట్టింది, కొలతలో కూడా రెండు మూడు గజాల్లో నీళ్లు దక్కకుండా చేసింది, అంది. రెండు మూడు గజాలు అంది. నా ముఖంలోకి చూసింది, ఆమెకు తెలిసిపోయిందనుకున్నాను. తెలియలేదు. నీ ఉసురు తగిలింది అక్కా, నన్ను క్షమించు, అంది.

నేను ఏం చేసి ఉండాలో నువ్వే చెప్పు. కాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. కూలబడి నేనే ఆమె కాళ్లు పట్టుకోవచ్చు. నేను ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాను. తాడు పట్టిన ఆ చెయ్యే. “క్షమించినాను లేవే, పో,” అన్నాను. ఆమె ఏడ్చి, తేలికపడి, లేచి వెళ్లి బస్సెక్కింది.

అప్పటి నుంచి ఆమె నన్ను దూరం పెట్టిన తప్పును దిద్దుకుంటూనే ఉంది. కొడుకు పెళ్లిలో మొదటి అక్షింతలు నా చేత వేయించింది. ముండమోసిన దాని చేతనా అని వాళ్ల వాళ్లు గొణిగితే, ఈమెను దూరం పెట్టి ఎనభై చెట్లు చంపుకున్నాను, మళ్లీ ఆ తప్పు చేయను, అని అందరి ముందూ చెప్పింది. నేను అక్షింతలు వేశాను. పట్టుచీర పెట్టింది, కట్టుకున్నాను. ఇప్పుడు నాకు అన్నం పెట్టడానికి వస్తోంది.

ఈ కాగితం నీకంటే ముందు ఆమె కొడుకు చేతికి ఇస్తాను. బస్సు ఎక్కకముందే తల్లికి చదివి వినిపించమంటాను. ఇస్తానా? ఇచ్చేంత మనిషినా నేను? నా మీద నాకే నమ్మకం లేక, కొడుకు ఫోన్ నంబరు టైలరమ్మకు ఇచ్చి పెట్టాను. నేను వెనక్కి తగ్గితే ఆమె దీన్ని ఫొటో తీసి పంపుతుంది.

విన్నాక సుంకమ్మ ఏం చేస్తుందో నాకు తెలియదు. ఉమ్మినా సరే. ఏమీ అనకుండా నా సంచి ఎత్తుకుందంటే మాత్రం అది నేను ఓర్చుకోలేను. క్షమించమని అడగను. నెత్తి మీద చెయ్యి పెట్టి క్షమించడం ఎట్లా ఉంటుందో నేను చేసి చూశాను కదా. అందులో ఏమీ ఉండదు.

టైలరమ్మ ఇదంతా చదివి వినిపించింది. యాభై ఎనిమిది అనే మాట దగ్గర ఆగి, నిజమేనా అన్నట్టు నా వైపు చూసింది. తలూపాను. ఇప్పుడు అది ఇద్దరికి తెలుసు. ఆమె లేచి తలుపు తీసింది. పద్నాలుగేళ్ల తర్వాత నా నోరు ఖాళీగా ఉంది.