నీళ్ల తొట్టిలో రాళ్లు

నాకు కోపం ఎక్కువ. అటవీశాఖలో బీట్ ఆఫీసరుగా చేరాక అది ఇంకా ముదిరింది. అనంతపురం పక్కనున్న గుట్టకు కంచె వేసి, నడకదారి పరిచి, బెంచీలు పెట్టి పార్కు చేశారు. దాన్ని నా నెత్తిన పెట్టారు. పొద్దున్నే వాకింగుకొచ్చే పెద్దమనుషులు బిస్కెట్ కవర్లు పొదల్లోకి విసిరేవాళ్లు. ఏమన్నా అందామంటే ప్రతివాడూ ఎవరో ఒక అధికారికి బంధువే. అందుకని నా నోరంతా ఒక్కడి మీదే పడేది. ఆ గుట్ట మీద ఎన్నో ఏళ్లుగా గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన మీద.

"ఎన్నిసార్లు చెప్పల్లప్పా నీకు? ఈడికి గొర్రెల్ని తోలొద్దు!"

"నువ్వు పుట్టకముందు నుంచి తోలుతాండా. ఈ గడ్డి నువ్వేమన్నా నాటినావా?"

"మొక్కలు నాటినా. నీ గొర్రెలు కొరికి పారేసినాయి."

"నీళ్లు పోసింటే మళ్లా చిగురు పెట్టేవి గదా. ఈ ఏడు వాన లేదు, చేన్లన్నీ బీళ్లే. గుట్ట ఎక్కనీకపోతే జీవాల్ని అమ్ముకోవల్ల. చెప్పు, అమ్ముకోనా?"

ఒళ్లు మండిపోయింది. మొక్కల సంగతి ఆయన నిజమే చెప్పాడు, అందుకే మరీ మండింది.

గుట్ట వెనకవైపు అడవి జంతువుల కోసం నేలకు సమంగా సిమెంటు తొట్టి కట్టించాం. వారానికి రెండుసార్లు ట్యాంకరుతో నింపేవాళ్లం. ఆ ఏడు ఆషాఢం వచ్చినా చినుకు పడలేదు, కాబట్టి నింపడం ఆపలేదు. నెమళ్లు, కుందేళ్లు, నక్కలు వచ్చి తాగేవి. ఒకరోజు వెళ్లి చూస్తే తొట్టిలో ఒక పక్క, అంచు నుంచి అడుగు దాకా రాళ్లు. చుట్టూ గొర్రె పెంటికలు.

ఇంకేముంది! నా మీద కసితో నీళ్లు పాడుచేశాడనుకున్నాను. రాళ్లన్నీ బయట పారేయించి తొట్టి కడిగించాను. గొర్రెల్ని బందెలదొడ్డికి తోలించాను. ఆయన్ని ఆఫీసుకు పిలిపించి, ఇక గుట్ట ఎక్కనని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించాను.

"రాళ్లు ఎందుకేసినావో చెప్పు!" అని గద్దించాను.

"చెప్తే వింటావా నువ్వు? నీకు చెప్పేదానికంటే ఆ బండకు చెప్పేది మేలు."

గొర్రెల్ని విడిపించుకుని పోయాడు. పీడ విరగడైందని నేను హోటలుకెళ్లి కడుపునిండా ఉగ్గాని, బజ్జీ తిన్నాను.

పదిరోజులకు నీళ్లు సగానికి తగ్గిన ఆ తొట్టిలో నాలుగు నెమలిపిల్లలు చచ్చి తేలుతున్నాయి. నున్నటి గోడ ఎక్కలేకపోయాయి. తల్లి ఇంకా చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. నాతో వచ్చిన ట్యాంకరు డ్రైవరు లోపలికి తొంగిచూశాడు.

"గొర్రెలు కాసేవాళ్లు ఇట్లాంటి గుంత యాడ కనపడినా ముందు రాళ్లేసి మెట్లు చేస్తారు మేడం. పిల్లజీవాలు పడితే ఎక్కొచ్చేదానికి. ఆ ముసలాయన అందుకే ఏసింటాడు. మీకు తెల్దా?"

తెలీదు. పారేయించిన రాళ్లను నేనే మోసుకొచ్చి మళ్లీ పేర్చాను. ఏడుస్తూ పేర్చాను, ముసలాయన్ని తిట్టుకుంటూ పేర్చాను. చెప్పి చావొచ్చు కదా! వెళ్లి ఆయన్ని పిలవాలనిపించింది. నా వేలితో చూపించి మరీ వేలిముద్ర వేయించుకున్న కాగితాన్ని ఏ మొహంతో చింపను? రేపు, ఎల్లుండి అనుకుంటూ వారం గడిపేశాను.

ఆ వారంలోనే పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. తొట్టి దగ్గర ఆగి, రాళ్ల మెట్లను వంగి చూశాడు.

"భలే ఉందే! ఎవరి ఆలోచన ఇది? అడవి సంగతి ఇంత తెలిసినవాళ్లు మనకు కావాలి. ఎవరో చెప్పండి, గుట్ట మీదే కాపలాకు పెట్టుకుందాం."

"నేనే సార్," అన్నాను.

డ్రైవరు పైపు చుట్టడం ఆపి నా వైపు చూశాడు. ఆ శనివారం సంతలో ముసలాయన గొర్రెలన్నిటినీ అమ్మేశాడు.