వెళ్ళేముందు వేసిన సున్నం

మేడ మీద వాటా ఖాళీ అయిందని పోయిన వారం గేటుకి టులెట్ బోర్డు తగిలించాను. గంట తిరక్కుండానే బ్రోకరు ఫోను. నర్సీపట్నంలో అద్దెలెలా పెరిగాయో నాకు బొత్తిగా తెలియదట. ఆయన చెప్పిన అద్దె వింటే, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళ జీతంలో సగం నా మేడకే పోతుంది. ఒకప్పుడు ఇక్కడంతా చెరకు తోటలు. అవి లేఅవుట్లయ్యాక పొలాలమ్ముకున్న రైతులూ, పిల్లల చదువుల కోసం ఏజెన్సీ కొండల నుంచి దిగొచ్చిన కుటుంబాలూ, మాలాంటి రిటైరైన టీచర్లూ ఒకే వీధిలో పడ్డాం. "ఎవరో ఏటో కనుక్కుని మరీ ఇవ్వండి మేడమ్" అన్నాడు బ్రోకరు చివర్లో. ఆ మాటకి నాకు మా పాత ఇంటి ఓనరు మామ్మగారి పెంకుటిల్లు గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముప్పై ఏళ్ళ క్రితం, మేము ఆవిడింట్లో రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మామ్మగారు అడ్వాన్సు అడిగేది కాదు. ఖాళీ చేసేవాళ్ళు గోడలకి సున్నం వేసి వెళ్ళాలన్నదొక్కటే ఆవిడ షరతు. అందుకే అక్కడ కొత్తగా దిగినవాళ్ళని వీపు మీది తెల్లటి మరకలతో వీధంతా గుర్తుపట్టేది. నేనూ నెల్లాళ్ళు అలాగే బడికెళ్ళాను.

ఒక వేసవిలో ఆవిడ పక్క గదిని కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఒక నర్సుకి ఇచ్చింది. గేటూ నుయ్యీ ఇద్దరికీ ఉమ్మడి. ఆ అమ్మాయి డ్యూటీ నుంచి ఎప్పుడుపడితే అప్పుడొచ్చి గేటు చప్పుడు చేస్తోందని మామ్మగారికి ఫిర్యాదు చేశాను. నిజానికి గేటు చప్పుడు నన్నెప్పుడూ లేపలేదు. మేము నీళ్ళు తోడుకునే చేదనే ఆమె కూడా ముట్టుకోవడం నాకు నచ్చలేదు, అంతే. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని నేను. మామ్మగారు నన్నే అడిగింది.

"నువ్వు పాతదానివి, నిన్ను పొమ్మన్లేను. మరి ఆ పిల్లకి ఏటని సెప్పమంటావు?"

జవాబు ఆవిడకే వదిలేసి నేను నా గదిలోకి వెళ్ళిపోయాను. ఆ అమ్మాయికి ఆవిడే ఏదో సర్దిచెప్పుకుంది.

ఆ ఆదివారం మేము ఊరెళ్ళి వచ్చేసరికి నర్సు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. నిండా రెండు నెలలైనా ఉండని గదికి నున్నగా సున్నం వేసి ఉంది. పెరట్లో మా రెండు వాటాల మధ్య ఉన్న పిట్టగోడకీ వేసింది.

"నీవైపు కూడా ఏసింది. నాను సెప్పలేదమ్మా" అంది మామ్మగారు.

నాకు సిగ్గేసింది. ఆమె ఏ గదికి మారిందో కనుక్కుందామనుకున్నాను. కనుక్కోలేదు.

నిన్న సాయంత్రం బోర్డు చూసి ఓ కుర్ర జంట వచ్చింది. అతను కొత్తగా టీచరయ్యాడు. ఇల్లు చూడకుండానే, నేనేమీ అడక్కుండానే, మెట్ల కిందే ఆగిపోయాడు.

"మాది కొండ మీద ఊరండి. ముందే సెప్పేస్తన్నాను. దిగాక ఖాళీ సెయ్యమంటే మళ్ళీ ఎతుక్కోలేమండి."

బ్రోకరు చెప్పిన అద్దె నా నోటికి రాలేదు. వాళ్ళివ్వగలిగింది ఇమ్మని తాళం చేతిలో పెట్టాను. ఊరు కొండదాకా పెరగడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. గుమ్మంలోంచి నేను పక్కకి జరగడానికీ అంతే పట్టింది.