కొంగున ముడేసిన ప్లగ్గు

మా అత్తమ్మ పోయింది. హనుమకొండ దవాఖానలో ఆదివారం పొద్దున, మేమంతా మంచం చుట్టూ ఉండగానే, గుండె ఆగింది. అందరికీ ఫోన్లు చేసే పని నా మీద పడింది. చుట్టాలకు చెప్పాను, వాడకట్టు వాళ్లకు చెప్పాను, చివరికి మా లేజర్ గ్రూపులో కూడా రాశాను. ఒక ముసలమ్మ పోతే లేజర్ గ్రూపుకు ఏం పని అని మీరు అడగవచ్చు. సరదా కొద్దీ ఇంట్లో చిన్న లేజర్ మిషన్ పెట్టుకుని, చెక్క మీద బొమ్మలు కోసుకునే మాలాంటి వాళ్లు అందులో ఉంటారు. ఈ చుట్టుపక్కల కొత్తగా మిషన్ కొన్న వాళ్లందరికీ ఆమె అత్తమ్మే.

నేను బడిలో డ్రాయింగ్ టీచర్‌ని. గీసిన గీత చెక్క మీద అచ్చంగా తెగుతుంటే చూడాలన్న పిచ్చితో ఆ మిషన్ కొన్నాను. అది ఇంటికి వచ్చిన రోజు ఒకరు ధర అడిగారు, ఒకరు దీంతో లాభమేంటన్నారు. అత్తమ్మ మాత్రం, "దీని మెయిన్ ఏడున్నది?" అన్నది.

ఆ ప్రశ్న ఆమె ఎక్కడికి పోయినా అడిగేది. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పిలిస్తే పొయ్యి దగ్గరికి పోకముందే మెయిన్ స్విచ్చి ఉన్న కరెంటు బోర్డు వెతికేది. ఫంక్షన్ హాలుకు పోయినా అంతే. "పెండ్లి పిల్లను సూసిందో లేదో గని, మెయిన్ మాత్రం సూసొచ్చింది" అని మా ఆడబిడ్డ ఆటపట్టించేది. అత్తమ్మ నవ్వి ఊరుకునేది.

దాని వెనక ఏముందో నాకు ఒక్కసారే చెప్పింది. కొత్తవాడలో ఆమె తమ్ముడికి పవర్‌లూమ్ ఉండేది. ఒక వానాకాలం మోటారుకు కరెంటు దిగి అతను అతుక్కుపోయాడు. పక్క మగ్గం మీదున్న దోస్తు ఉరికొచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ పోయారు. అన్నం గిన్నె పట్టుకుని అత్తమ్మ వాకిట్లోనే ఉన్నది.

"అరిసిన బిడ్డా. నాకు అరుసుడే తెల్సు. బోర్డు నా ఎన్కనే ఉన్నదట."

అప్పటికి మా ఆయన చిన్నపిల్లవాడు. మేనమామ భుజాల మీద పెరిగినవాడు. ఇప్పటికీ మిక్సీ ప్లగ్గు పెట్టాలంటే నన్నే పిలుస్తాడు. నా మిషన్ ఉన్న గది గడప ఆయన ఏనాడూ దాటలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

లేజర్‌కు కొత్తగా వచ్చిన వాళ్లు అందరూ ముందు కళ్లద్దాల గురించి అడుగుతారు. అడగాల్సిందే, కళ్లు పోతే మళ్లీ రావు. కానీ ప్రాణం తీసేది మిషన్ వెనక డబ్బాలో ఉంటుంది. లోపలి గాజు గొట్టానికి వేల వోల్టులు పంపే డబ్బా అది. ప్లగ్గు తీసేసినా అందులో కరెంటు కాసేపు దాగి ఉంటుంది. ఇది అత్తమ్మకు ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే ఆమే అందుకున్నది. "పామును సంపినంక గూడ జర సేపు ఆగే కద ముడ్తం."

అప్పటి నుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. మిషన్ మూత తీయాల్సిన పని పడితే అత్తమ్మ చాటలో బియ్యం పోసుకుని వచ్చి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునేది. ప్లగ్గు తానే పీకి, ఎవరూ మరిచిపోయి పెట్టకుండా కొంగుకు ముడేసుకునేది. చాటెడు బియ్యం ఏరడం అయ్యేదాకా నన్ను మూత ముట్టనిచ్చేది కాదు. ఆ తర్వాత నేను మూత తీసి, ఎర్త్ వైరు కట్టిన కర్రతో లోపల మిగిలిన కరెంటు దించి, "అత్తమ్మా, ముట్టాల్నా?" అని అడిగేదాన్ని. ఆమె ముడి తడిమి చూసుకుని, "ముట్టు బిడ్డా" అనేది.

మొదటిరోజే ఒక మాట తేల్చి చెప్పింది. "నడిసే మిషన్ కాడ నువ్వు పడ్తె నేనచ్చి నిన్ను వట్టుకోను. ముందుగాల మెయిన్ బంద్ వెడ్త. అత్త నన్ను వట్టుకోలేదని మనసుల వెట్టుకోకు." అంత ప్రేమగా నాతో ఇంకెవరూ మాట్లాడలేదు.

మా ఇంటికి సలహా కోసం వచ్చిన ప్రతివాళ్లనూ ఆమె ఒకటే అడిగేది. "మీ ఇంట్ల ఎవలు కూసుంటరు?" ఏటూరునాగారంలో ఉద్యోగం చేసే ఒకాయన వచ్చాడు. మిషన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందన్నాడు. ఆరా తీస్తే, పాత ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడం లేదని ప్లగ్గుకున్న మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టుకున్నాడట. రూములో ఒక్కడినే ఉంటానన్నాడు.

"అయితే ఈడికి పట్కరా. నేను కూసుంట" అన్నది.

ఆయన నిజంగానే బస్సులో మిషన్ ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. అత్తమ్మ ముందు ఆయనకు అన్నం పెట్టి, ఆ తర్వాత ప్లగ్గు కొంగున కట్టుకున్నది. కొత్త ప్లగ్గు వేసి, ఎర్త్ సరిచూసి పంపాం.

దవాఖానలో చివరి రోజుల్లో ఆమెకు మాట పడిపోయింది. కళ్లు మాత్రం గోడల మీద తిరుగుతూ ఉండేవి. ఎవరి కోసమో చూస్తోందని మా ఆయన ఒక్కొక్కరినే పిలిపించాడు. నాకు అర్థమై చెవి దగ్గర చెప్పాను. "అత్తమ్మా, మెయిన్ బయట వరండాల ఉన్నది. నేను సూసిన." అప్పుడు కళ్లు మూసుకుని నిద్రపోయింది.

ఏటూరునాగారం ఆయన అంత్యక్రియలకు వచ్చాడు. పోతూ పోతూ గేటు దగ్గర ఆగి, "ఇప్పుడు మీకెవరు కూసుంటరు మేడం?" అన్నాడు.

దినాలు అయ్యాక మిషన్ ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. ఇవ్వాలంటే లోపలి నీళ్లు తీయాలి, గాజు గొట్టం విప్పాలి. ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా ఖాళీ స్టూలు. ఆ ప్లగ్గు ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

మా ఆయన గడప అవతల ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేదు. లోపలికి వచ్చి నా చేతిలోంచి ప్లగ్గు తీసుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, భుజం మీది తువ్వాల కొసకు దాన్ని ముడేయబోయాడు. ముడి పడలేదు. మళ్లీ వేశాడు.

"బియ్యం పట్కరా" అన్నాడు.

చాట తెచ్చి ఒళ్లో పెట్టాను. తల వంచుకుని ఏరడం మొదలుపెట్టాడు. నేను కర్ర పట్టుకుని మిషన్ పక్కన నిలబడ్డాను. చాటలో బియ్యమంతా ఏరడం అయిపోయింది. ఆయన తల ఎత్తలేదు. ఏరిన బియ్యాన్నే ఇటు జరిపి మళ్లీ మొదటి నుంచి ఏరుతున్నాడు. ఆయన "ముట్టు" అనాలని చూస్తూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.